ఇచ్ఛాపురం నుంచి విజయనగరం దాకా టాండెమ్ సైకిల్ మీద: చూపు లేని మిత్రుడితో విరాళాల యాత్ర, సలహాలు కావాలి

గంటస్తంభం_మాస్టారు:
అందరికీ నమస్కారం. మాది విజయనగరం, హైస్కూల్లో లెక్కలు చెబుతాను. నా చిన్ననాటి స్నేహితుడు బ్యాంకులో పని చేస్తున్నాడు. పెద్దయ్యాక అతని చూపు మెల్లమెల్లగా పోయింది. మేమిద్దరం కలిసి టాండెమ్ సైకిల్ (ఒకరి వెనక ఒకరు కూర్చుని ఇద్దరూ తొక్కేది) మీద ఇచ్ఛాపురం నుంచి విజయనగరం దాకా తొక్కాలనుకుంటున్నాం. హైవే మీద నేరుగా వస్తే సుమారు 200 కిలోమీటర్లు. కానీ ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, శ్రీకాకుళం వచ్చాక లోపలికి తిరిగి పాలకొండ, పార్వతీపురం, బొబ్బిలి మీదుగా ఇల్లు చేరాలని మా కోరిక. అలా అయితే దాదాపు 300 అవుతుంది. నాలుగు రోజులు పెట్టుకున్నాం, సంక్రాంతి సెలవుల్లో.

పోగయ్యే డబ్బు చూపు లేని ఇంటర్, డిగ్రీ పిల్లల లాప్‌టాప్‌లకీ, వాటి మీద పని నేర్పే శిక్షణకీ వెళ్తుంది. మావాడికి ఉద్యోగం నిలిచింది కంప్యూటర్ నేర్చుకోవడం వల్లే. అది మిగతా పిల్లలకీ అందాలన్నది అతని పట్టుదల.

నాకు సైకిల్ అలవాటే, సెలవు రోజుల్లో రామతీర్థం వెళ్లొస్తుంటాను. టాండెమ్ మాత్రం ఎప్పుడూ ఎక్కలేదు. అది ఎక్కడ దొరుకుతుంది? ఇక్కడే వెల్డింగ్ చేయించుకోవచ్చా? హైవే మీద వెళ్లడం క్షేమమేనా? డబ్బు వ్యవహారం ఎలా నడపాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

నాగావళి_రైడర్:
మాస్టారూ, చాలా సంతోషం. నేను శ్రీకాకుళంలో ఉంటాను. బ్రెవేలు, అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ యాత్రలు, తొక్కుతుంటాను. కొన్నేళ్లుగా చూపు లేని ఒక స్నేహితుడితో టాండెమ్ కూడా తొక్కుతున్నాను. నాకు తెలిసింది కొంచెం వివరంగానే రాస్తాను.

మనవైపు దీన్ని చూడగానే డబుల్స్ తొక్కడం అనుకుంటారు. కాదు. ముందున్న వ్యక్తిని కెప్టెన్ అంటారు. హ్యాండిల్, బ్రేకులు, గేర్లు అతని చేతిలో ఉంటాయి. వెనకాయన స్టోకర్. ఆయనకీ పూర్తి పెడల్స్ ఉంటాయి. ఎడమవైపు టైమింగ్ చైన్ అని ఒకటి రెండు జతల పెడల్స్‌నీ కలుపుతుంది. కుడివైపు చైన్ మామూలుగానే వెనక చక్రానికి వెళ్తుంది. కాబట్టి ఇద్దరి కాళ్లూ ఒకే లెక్కన తిరుగుతాయి. మీరు చెప్పకుండా తొక్కడం ఆపేస్తే వెనకాయన మోకాలికి దెబ్బ తగిలినంత పని అవుతుంది.

అందుకే టాండెమ్‌లో అసలు పని నోటిది. గేరు మారుస్తున్నా, తొక్కడం ఆపుతున్నా, బ్రేకు వేస్తున్నా, మలుపు వస్తున్నా ముందే చెప్పాలి. అన్నిటికన్నా ముఖ్యం గుంత. స్టోకర్ సీటు దాదాపు వెనక చక్రం మీదే ఉంటుంది, కుదుపు అంతా ఆయనకే. కళ్లున్నవాడు గుంత చూసి సీటు మీద నుంచి కాస్త లేస్తాడు. చూపు లేనివాళ్లకి మీ మాటే ఆధారం. "గుంత" అని అరిచేసరికి చక్రం అందులో పడితే చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. రెండు మూడు సెకన్లు ముందు చెప్పడం అలవాటు కావాలి.

బయల్దేరడానికి ఒక పద్ధతుంది. కెప్టెన్ కాళ్లు వెడల్పుగా పెట్టి నేల మీద నిలబడి, రెండు బ్రేకులూ గట్టిగా పట్టుకోవాలి. అప్పుడు స్టోకర్ ఎక్కి, పెడల్స్ మీద కాళ్లు పెట్టి, కెప్టెన్‌కి ఏ కాలు అలవాటో ఆ పెడల్ పైకి వచ్చేలా వెనక్కి తిప్పుతారు. "రెడీనా?" "రెడీ." ఇద్దరూ ఒకేసారి తొక్కుతారు. ఆగేటప్పుడు నేల మీద కాలు పెట్టేది కెప్టెన్ ఒక్కడే. ఈ రెండూ ఖాళీ గ్రౌండ్‌లో విసుగొచ్చేదాకా చేయండి. కిందపడటాలు ఎక్కువగా జరిగేది బయల్దేరేటప్పుడూ ఆగేటప్పుడే.

చదును రోడ్డు మీద టాండెమ్ మామూలు సైకిల్ కన్నా వేగంగా పోతుంది. తొక్కేది ఇద్దరు, గాలిని చీల్చేది ఒకరు. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం నెమ్మదిస్తుంది. దిగేటప్పుడు బరువంతా తోస్తుంది కాబట్టి బ్రేకులు బాగా వేడెక్కుతాయి. మీ దారిలో పెద్ద ఘాట్లు లేవు, అది మంచిదే. ఎవరైనా సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి అరకు మీదుగా రమ్మంటే ఈసారికి వద్దనండి.

చైన్_స్ప్రాకెట్:
మాది రాజాం, సైకిల్ షాపు. వెల్డింగ్ సంగతి నేను చెప్తాను. రెండు పాత సైకిళ్లు కోసి అతికిస్తే టాండెమ్ ఆకారం వస్తుంది. ఊళ్లో జాతర చుట్టూ తిరగడానికి సరిపోతుంది. 300 కిలోమీటర్లకు పనికిరాదు. అసలైన టాండెమ్‌లో ముందు పెడల్స్ నుంచి వెనక పెడల్స్ దాకా అడుగున లావుపాటి పైపు ఒకటి ఉంటుంది. ఫ్రేమ్ మెలితిరగకుండా ఆపేది అదే. అతికించిన ఫ్రేమ్‌లో రెండు జతల పెడల్స్ ఒకే వరసలో రాకపోతే టైమింగ్ చైన్ మాటిమాటికీ ఊడుతుంది. లారీ పక్క నుంచి పోతున్నప్పుడు చైన్ ఊడితే ఏటవుతుందో ఆలోచించండి.

సెకండ్ హ్యాండ్ దొరికితే ఇవి చూసుకోండి. వెనక చక్రానికి స్పోకులు 36కి తగ్గకూడదు, 40 ఉంటే ఇంకా మంచిది. డిస్క్ బ్రేకులు ఉండాలి. ముందు పెడల్స్ ఉన్న బేరింగ్ గూడు కాస్త ముందుకీ వెనక్కీ జరిగేలా ఉంటుంది, టైమింగ్ చైన్ బిగించేది దానితోనే. అది తుప్పు పట్టి ఉంటే కొనొద్దు. వెనక సీటు కింద స్ప్రింగ్ ఉన్న సీట్ పోస్ట్ వేయించండి. టైర్ల వెడల్పు కనీసం 32 మిల్లీమీటర్లు, మన లోపలి రోడ్లకి 38 అయితే హాయి. స్పేర్ స్పోకులు, చైన్ లింకులు, రెండు ట్యూబులు మీ దగ్గరే ఉంచుకోండి. పార్వతీపురంలో ఎంత మంచి మెకానిక్ ఉన్నా టాండెమ్ స్పోకు పొడవు అతని దగ్గర ఉండకపోవచ్చు.

వెనక_సీటు:
మాస్టారూ, నేను పుట్టుకతోనే చూపు లేని మనిషిని. శ్రీకాకుళంలో టీచర్‌గా పని చేస్తున్నాను. ఈ చర్చంతా ఫోన్ చదివి వినిపిస్తుంటే వింటున్నాను. టాండెమ్ వెనక సీట్లో చాలా దూరాలు తొక్కినదాన్ని కాబట్టి నాలుగు మాటలు.

పై పోస్టులన్నీ కెప్టెన్ ఏం చేయాలో చెప్తున్నాయి. స్టోకర్‌కీ పని ఉంది. మలుపులో కెప్టెన్ ఎటు వాలితే అటే వాలాలి, భయపడి ఎదురు వాలకూడదు. గాలి ఎటు మళ్లిందో, టైరు చప్పుడు మారిందో, వెనక నుంచి బస్సు వస్తోందో చాలాసార్లు నాకే ముందు తెలుస్తుంది. గాలి తగ్గిన టైరు చప్పుడు వేరుగా ఉంటుంది. అది నేను చెప్పాకే మా కెప్టెన్ దిగి చూస్తారు. నీళ్లు అందించడం, మ్యాప్ మాటలు వినడం, అలసట గమనించడం మేం చేయగలం. మీ స్నేహితుడికి ఈ పనులు అప్పగించండి. రెండో రోజుకే తేడా మీకు తెలుస్తుంది.

ఇంకొకటి. దారి వర్ణించండి, కానీ నిరంతరం కామెంటరీ వద్దు. వంశధార బ్రిడ్జి ఎక్కితే గాలి చల్లబడటం, పలాస దగ్గర జీడి కాల్చే వాసన నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కొండ ఎంత దూరంలో ఉంది, పొలంలో ఏం పైరు ఉంది, ఎదురొచ్చే పిల్లలు చేతులూపుతున్నారా, ఇవి చెప్పండి. చెయ్యి ఊపుతున్నారని తెలిస్తే నేనూ ఊపుతాను.

ఈ వేదికలో ఫొటోలు పెట్టేవాళ్లకి కూడా ఒక విన్నపం. ఫొటో కింద అందులో ఏముందో రెండు ముక్కలు రాయండి.

బొండపల్లి_బాబాయ్:
బాబూ, మంచి మనసుతో చేస్తున్న పని. కాదనను. కానీ హైవే మీద రోజూ ఎన్ని ప్రమాదాలు చూస్తున్నాం! చూపు లేని మనిషిని ఎక్కించుకుని ఇంత రిస్క్ ఎందుకు? కారులో ఊరూరా తిరిగి చందాలు అడిగినా డబ్బు వస్తుంది కదా. ఇంట్లోవాళ్ల టెన్షన్ కూడా ఆలోచించండి.

స్వరాలు:
నమస్కారం బాబాయ్. మాస్టారు చెప్పిన స్నేహితుణ్ణి నేనే. మీ భయం నాకు అర్థమవుతుంది, మా అమ్మా ఇదే మాటంది.

నాకు వచ్చింది రెటినైటిస్ పిగ్మెంటోసా. ముందు రాత్రి చూపు పోయింది. తర్వాత చుట్టుపక్కల కనిపించేది తగ్గుతూ తగ్గుతూ, గొట్టంలోంచి చూస్తున్నట్టు మధ్యలో కొంచెమే మిగిలింది. ఇప్పుడు వెలుగు, చీకటి తెలుస్తాయి, అంతే. చిన్నప్పుడు మాస్టారూ నేనూ రేస్ పెట్టుకుని కోట చుట్టూ సైకిళ్లు తొక్కేవాళ్లం. రాత్రిళ్లు గుంతలు కనబడక పడటం మొదలయ్యాక ఇంట్లో సైకిల్ అమ్మేశారు. ఆ రోజు నుంచి నన్ను ఎవరైనా ఎక్కడికైనా తీసుకెళ్లడమే గానీ, నా కాళ్ల బలంతో నేను దూరం పోయింది లేదు. ఈ యాత్రలో సగం ఇంజిన్ నాది. నా వయసు మనిషి ఎవరైనా తన ఇష్టంతో సైకిల్ ఎక్కినట్టే నేనూ ఎక్కుతున్నాను. ప్రమాదం తగ్గించడానికి ఏం చేయాలో అన్నీ చేస్తాం, మీరు కూడా చెప్పండి.

కారులో వెళ్లి అడిగితే కొంత డబ్బు వస్తుంది, నిజమే. కానీ చూపు పోయిన పిల్లవాడిని ఇంట్లో కూర్చోబెట్టిన తల్లిదండ్రులు మమ్మల్ని రోడ్డు మీద చూడాలని నా కోరిక.

పోస్టర్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఒకరు నల్ల కళ్లద్దాలతో, చెయ్యి చాచి నిలబడ్డట్టు నా బొమ్మ వేసి పంపారు. అది వద్దన్నాను. చెమట పట్టి తొక్కుతున్న ఫొటో వేయండి, పక్కన మాస్టారి ముఖం కూడా కనబడాలి.

పాలకొండ_అమ్మ:
స్వరాలు గారూ, మీ పోస్టు మా అబ్బాయికి చదివి వినిపించాను. వాడికి పద్నాలుగేళ్లు, మీకున్న జబ్బే. మాది మేనరికం. ఇలాంటి జబ్బులు వంశంలో ఉంటే మేనరికంలో పిల్లలకి వచ్చే అవకాశం పెరుగుతుందని డాక్టర్లు చెప్పాకే తెలిసింది. వాడిని నేను ఒక్కణ్ణీ వీధి చివరి దాకా కూడా పంపను. మీరు పాలకొండ మీదుగా వెళ్లేటప్పుడు మా ఇంటి ముందు ఐదు నిమిషాలు ఆగుతారా? వాడు ఆ సైకిల్‌ని తాకి చూడాలంటున్నాడు. భోజనం మా ఇంట్లోనే.

స్వరాలు:
తప్పకుండా అమ్మా. తాకడమే కాదు, మీరు ఒప్పుకుంటే ఖాళీ గ్రౌండ్‌లో మాస్టారు వాడిని ఎక్కించుకుని రెండు చుట్లు తిప్పుతారు. హెల్మెట్ మేం తెస్తాం.

కవిటి_కొబ్బరి:
ఉద్దానం నుంచి. ఇచ్ఛాపురం నుంచి సోంపేట దాకా సర్వీస్ రోడ్డు ఉన్నచోటల్లా అదే పట్టుకోండి. హైవేకి పక్కన అంచు బాగానే ఉంటుంది గానీ బైకులు ఆ అంచు మీదే రాంగ్ రూట్లో ఎదురొస్తాయి. టాండెమ్ పొడవు, చటుక్కున పక్కకి తప్పుకోలేదు. వీధికుక్కలు ఇంకో తలనొప్పి. ఊళ్ల దగ్గర వేగం తగ్గించండి.

సంక్రాంతి సెలవులు వద్దు మాస్టారూ. ఆ వారంలో హైదరాబాద్, విశాఖ నుంచి వచ్చే కార్లన్నీ ఈ హైవే మీదే ఉంటాయి. పైగా తెల్లవారుజామున పొగమంచు. ఎనిమిది దాటితే గానీ విడదు. జనవరి చివర అయితే మేలు. అప్పుడు రథసప్తమి వస్తే మాత్రం ఆ రెండు రోజులు అరసవల్లి జనంతో శ్రీకాకుళం నిండిపోతుంది, తేదీ చూసుకోండి.

మా దగ్గర ఆగితే కొబ్బరి బొండాలు మావే. ఒక మాట అడగొచ్చా? ఉద్దానంలో కిడ్నీ జబ్బులతో ఎన్ని కుటుంబాలు చితికిపోయాయో మీకు తెలుసు. పోగయ్యే డబ్బులో కొంత ఇక్కడి రోగులకి ఇవ్వలేరా?

గంటస్తంభం_మాస్టారు:
కొబ్బరి గారూ, మీ మాట నన్ను బాగా ఆలోచింపజేసింది. ఇద్దరం మాట్లాడుకున్నాం. ఈ యాత్రకి ఒకే పని పెట్టుకుంటాం, పిల్లల లాప్‌టాప్‌లు, శిక్షణ. రెండు కారణాలకి డబ్బు అడిగితే ఇచ్చినవాళ్లకి ఎంత ఎటు పోయిందో తెలియదు. కానీ ఉద్దానంలో ఆగిన ప్రతి ఊళ్లోనూ అక్కడివాళ్లు చెప్పేది వింటాం. కిడ్నీ రోగుల కోసం వేరే యాత్ర ఎవరైనా పెడితే మేమిద్దరం వచ్చి తొక్కుతాం. ఇది మాట.

తేదీ జనవరి చివరికి మారుస్తున్నాం. సెలవు పెట్టుకుంటాను.

లెక్కల_పుస్తకం:
డబ్బు సంగతి నేను చెప్పాలి, నా పని అదే. మీ ఇద్దరి సొంత ఖాతాల్లోకి, సొంత ఫోన్ నంబర్‌కి ఒక్క రూపాయి కూడా తీసుకోవద్దు. విరాళాలకి ఆదాయపు పన్ను మినహాయింపు ఇప్పించే రిజిస్ట్రేషన్ (80జి అని పిలిచేది) ఉన్న ట్రస్టుతో ముందే మాట్లాడుకుని, దాతలు నేరుగా ఆ ఖాతాకే పంపేలా చూడండి. అప్పుడే దాతకి పాత పన్ను విధానంలో మినహాయింపు దొరుకుతుంది. నగదుగా 2,000 రూపాయలు దాటి ఇస్తే ఆ మినహాయింపు రాదు, కాబట్టి ఎక్కువ ఇచ్చేవాళ్లని బ్యాంకు ద్వారానో యూపీఐ ద్వారానో పంపమనండి. ట్రస్టు నుంచి విరాళం సర్టిఫికెట్ తీసుకోమని కూడా చెప్పండి.

మీ తిండి, లాడ్జి, టైర్ల ఖర్చు విరాళాల్లోంచి పోకూడదు. అది మీ జేబులోంచో, ఖర్చులకని విడిగా ఇచ్చేవాళ్ల నుంచో రావాలి. హుండీ పట్టుకుని తిరిగితే సీలు వేసినదై ఉండాలి, ట్రస్టు మనిషి ముందే తెరవాలి.

ఇంకో సంగతి. చూపు లేనివాళ్లకి కంప్యూటర్ తెర చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఉచితం. ఇద్దరు చూపు లేని ఆస్ట్రేలియా యువకులు 2006లో దాన్ని మొదలుపెట్టారు. తెలుగూ చదువుతుంది. అంటే సాఫ్ట్‌వేర్‌కి ఖర్చు లేదు. మరి డబ్బు దేనికి ఎక్కువ వెళ్లాలో స్వరాలు గారు చెప్తే బాగుంటుంది.

స్వరాలు:
శిక్షణకి, నిస్సందేహంగా. లాప్‌టాప్ ఇచ్చి ఫొటో దిగి వెళ్లిపోతే అది బీరువాలో ఉండిపోతుంది. మౌస్ లేకుండా కీబోర్డుతో పని చేయడం, తెలుగు టైపింగ్, ఎక్సెల్, ఇంటర్వ్యూకి దరఖాస్తు, ఇవి నెలల తరబడి పక్కన కూర్చుని నేర్పాలి. నేర్పేవాళ్లు చూపు లేనివాళ్లైతే ఇంకా మంచిది, వాళ్లకీ జీతం దొరుకుతుంది. సగానికి పైగా డబ్బు నేర్పేవాళ్ల జీతాలకే వెళ్లాలని ట్రస్టుతో రాయించుకుంటున్నాం.

మన్యం_మలుపు:
పార్వతీపురం నుంచి. పాలకొండ నుంచి ఇటు వచ్చే రోడ్డు చూడముచ్చటగా ఉంటుంది, తూర్పు కనుమలు ఒక పక్కనే నడుస్తుంటాయి. జాగ్రత్త ఒకటే. మా వైపు కొన్నేళ్లుగా ఏనుగులు తిరుగుతున్నాయి. కొమరాడ, గరుగుబిల్లి ఊళ్లవాళ్లు పంటలు పోగొట్టుకుని బాగా నష్టపోయారు. చీకటి పడ్డాక, తెల్లవారకముందు ఆ దారిలో సైకిల్ వద్దు. బయల్దేరే ముందు రోజు అటవీ శాఖ వాళ్లని అడిగితే గుంపు ఎక్కడుందో చెప్తారు.

బొబ్బిలి వచ్చినప్పుడు గొల్లపల్లి వెళ్లండి. బొబ్బిలి వీణలు చేసేది అక్కడే, ఒకే పనస దుంగని తొలిచి చేస్తారు. స్వరాలు గారు సగం చెక్కిన వీణని చేత్తో తడిమి చూడొచ్చు. తయారైనదాన్ని మీటితే ఎలా మోగుతుందో పక్కనే వినొచ్చు. ఈ దారిలో ఆయన కోసం ఒక్కటే ఆగాలంటే అక్కడే ఆగండి.

స్వరాలు:
గొల్లపల్లి ఖాయం. నేను సాయంత్రాలు వయొలిన్ నేర్చుకుంటాను. యాత్ర ముగింపు కూడా విజయనగరం మహారాజా సంగీత కళాశాల ముందు పెట్టమని మాస్టారిని అడిగాను. 1919లో పెట్టిన ఆ కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పారు, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన చూపు చిన్నప్పటి నుంచీ అంతంతమాత్రమే. మా గురువుగారు నా మొదటి పాఠం రోజున ఈ సంగతి చెప్పారు.

వెనక_సీటు:
బాగుంది! ఒక చిన్న సలహా. పెద్ద యాత్రకి ముందు ఒకే రోజులో 80 కిలోమీటర్లు ఇద్దరూ తొక్కి చూడండి. స్టోకర్ దారి చూడలేడు కాబట్టి సీటు మీద నుంచి ఎప్పుడు లేవాలో తెలియక కదలకుండా కూర్చుండిపోతాడు, నొప్పి త్వరగా వస్తుంది. అరగంటకోసారి కెప్టెన్ "లేద్దాం" అనాలి. ఇద్దరూ కలిసి పెడల్స్ మీద నిలబడి పది సెకన్లు పోవాలి. ఇది కూడా ప్రాక్టీస్ చేయాల్సిందే, మొదట్లో సైకిల్ ఊగుతుంది.

బొండపల్లి_బాబాయ్:
స్వరాలు బాబూ, నీ జవాబు చదివాను. ఇక వద్దనను. మీ సైకిల్ వెనక ఒక బండి ఉండాలి కదా, లైట్లు వేసుకుని. మా ఇంట్లో వ్యాను ఉంది. ఇచ్ఛాపురం దాకా మీ సైకిల్ మోసుకెళ్లడానికి, నాలుగు రోజులూ వెనక రావడానికి నేను వస్తాను. డీజిల్ నాది. దారిలో పోలీసు స్టేషన్లకి ముందే కాగితం ఇచ్చే పని కూడా నాకు వదిలెయ్యండి.

గంటస్తంభం_మాస్టారు:
బాబాయ్, ఇంత పెద్ద సాయం అడగాలని కూడా మాకు తోచలేదు. చాలా కృతజ్ఞతలు. ఇక మిగిలింది సైకిల్. హైదరాబాద్‌లో ఒకటి సెకండ్ హ్యాండ్ ఉందన్నారు గానీ ధర మా ఇద్దరికీ మించిపోయింది.

నాగావళి_రైడర్:
కొనొద్దు మాస్టారూ. నా టాండెమ్ ఫిబ్రవరి దాకా ఖాళీగా ఉంటుంది, తీసుకెళ్లండి. మీ ఇద్దరి ఎత్తులు, నేల నుంచి కాలి సందు దాకా కొలతలు పంపండి, ఫ్రేమ్ సరిపోతుందో లేదో చెప్తాను. బాబాయ్ వ్యాను వచ్చే ఆదివారం ఉదయం ఆరింటికి చిలకపాలెం జంక్షన్‌కి వస్తే నేను అక్కడికి తెస్తాను. చైన్_స్ప్రాకెట్ తమ్ముడూ, రాజాం నుంచి నువ్వూ రాగలవా? వెనక సీట్ పోస్ట్ మార్చాలి, టైమింగ్ చైన్ కూడా కొంచెం వదులైంది.

చైన్_స్ప్రాకెట్:
వస్తాను అన్నా. స్ప్రింగ్ సీట్ పోస్ట్ నా దగ్గర ఒకటి ఉంది, దాని లావు 27.2 మిల్లీమీటర్లు. నీ ఫ్రేమ్‌కి ఎంతో కొలిచి రాత్రికి చెప్పు.